సోమవారం జ్వరం

2004 డిసెంబరు ఆరు, సోమవారం. ముందురోజు మిగిలిన కోడికూర చద్దన్నంలో కలుపుకుని తిని, సుకుమార్ ఏన్కూరు దారిలోని పత్తి జిన్నింగు మిల్లుకు పోయాడు. సాయంత్రం వణుకుతూ, గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

తండ్రి తోమాసు కాచుకునే ఉన్నాడు. గుడుంబా సారాకు తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. పత్తి సీజను మొదలైనప్పటి నుంచి కొడుకుది ప్రతి సోమవారం ఇదే వరస.

“నిన్న చర్చి అయినంక యాడికి పోయినవ్‌రా?”

“దోస్తుల కాడ కూసున్న నాయినా. తాగలే. ఛాతీ పట్టేసింది.”

“మంగళారం నుంచి శనారం దాకా మంచిగనే ఉంటవ్. ఆదివారం తాగితేనే గదా సోమవారం గిట్లయ్యేది!”

తోమాసు మూలనున్న పార కామ కర్ర అందుకున్నాడు. భుజం మీద ఒకటి, నడుం మీద ఒకటి. మూడో దెబ్బకు సుకుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పొయ్యి దగ్గరున్న తల్లి జోజమ్మకు కూడా వినిపించింది. అడ్డం వచ్చిన ఆమె నుదురు చిట్లింది. అయినా ఆగకుండా కొడుకును వాకిట్లోకి ఈడ్చి, “ఇంక ఈ గడప తొక్కకు” అని తోమాసు గొళ్లెం పెట్టుకున్నాడు.

తెల్లవారి, వసారాలో ముడుచుకుని ఉన్న కొడుకును జోజమ్మ దవాఖానాకు తీసుకుపోయింది. మనిషి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని మిల్లు మేస్త్రి కబురు పెట్టాడు. కొడుకు బదులు తోమాసే పోయాడు.

సాయంత్రం వణుకుతూ, అదే గోడ పట్టుకుని వచ్చాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. నోరు తెరిస్తే దగ్గే.

జోజమ్మ దవాఖానాలో అసలు సంగతి వినే వచ్చింది. అయినా నిన్న అతను కొడుకును నిలదీసినట్టే, అతని మూతి దగ్గర వాసన చూసింది. “నువ్వు యాడ తాగొచ్చినవయ్యా? చెప్పు!” అని పార కామ ఎత్తింది.

వసారాలో ఉన్న సుకుమార్ గడప దాటి వచ్చి, కట్టు లేని చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “వద్దమ్మా. ఆ బాధ నాకెరుకే.”

తండ్రిని కూర్చోబెట్టి వేడినీళ్లు తాగించాడు. “డాక్టరు చెప్పిండు నాయినా. పత్తి దుమ్ముల క్రిముల విషం ఉంటదంట. ఒళ్లు దాన్ని దుష్మన్ అనుకొని కొడ్తదంట. కొట్టేది విషాన్నే గానీ వాసేది మన ఊపిరితిత్తులే. రోజూ పోతుంటే ఓర్చుకుంటది. ఆదివారం ఆగి మళ్ల పోతే మొదటికొస్తది. నీ లెక్క కొత్తగ పోయినోళ్లకూ గిట్లనే అయితదంట.”

తోమాసు కొడుకు చేతికట్టు వంక చూశాడు. “నేనూ గంతే చేసిన బిడ్డా. నువ్వు చెప్తాంటే ఇనకుంట కొట్టిన.” ఏడుపు, దగ్గు కలిసి వచ్చాయి. సుకుమార్ వీపు నిమురుతూ ఉన్నాడు.

అన్నాలయ్యాక సుకుమార్ చాప తీసుకుని వసారా వైపు కదిలాడు. తోమాసు ఆ చాప అందుకుని తన పక్కన పరిచాడు. కొడుకు దగ్గు తగ్గి నిద్ర పట్టాక, లేచి, గొళ్లెం చప్పుడు కాకుండా లోపలి నుంచి తలుపు వేశాడు.