తేదీ తప్పిన కెమెరా

కెమెరా వచ్చి నీలం గుడ్డ మీద పడింది. పడలేదు, ఆ పిల్ల విసిరింది.

"చచ్చినదాన్ని అంటగట్టావు!"

లింబర్ట్ తలెత్తలేదు. ఎల్ ఆల్తో ఊరి సంతలో గురువారం పొద్దున్నే ఇలాంటి మాట వినడం అతనికి కొత్త కాదు. నేల మీద గుడ్డ పరిచి పాత కెమెరాలు అమ్ముతాడు. పక్క గుడ్డ మీద పాత తాళాలు అమ్మేది నేను. అందుకే ఇదంతా నాకు తెలుసు.

"ఆదివారం తీసుకెళ్లినప్పుడు బతికే ఉంది కదమ్మా."

"అమ్మా గిమ్మా అనకు. నా పేరు దేలియా. లెన్సు బయటికి రావడం లేదు. గుర్రుమంటుంది, ఆగిపోతుంది."

అతను కెమెరాను చెవి దగ్గర ఊపాడు. తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"దీనికి సారా ఎవరు పోశారు?"

"పోయలేదు, చల్లింది. మా అమ్మ. కొత్త వస్తువు ఇంటికొస్తే నేలతల్లికింత, వస్తువు మీదింత చల్లరా? మీ ఇంట్లో ఆ అలవాటు లేదా?"

"కొత్త వస్తువా? దీనికి ఇరవై ఏళ్లు!"

"మాకు కొత్తదే."

"బస్సుకి చల్లుతారు, కుట్టుమిషనుకి చల్లుతారు. కెమెరా నోట్లో పోస్తారా ఎవరైనా?"

సన్నటి పట్టకారుతో లెన్సు అంచున గెలికాడు. గులాబీ రంగు కాగితం ముక్క ఊడి వచ్చింది. సారాతోపాటు రంగు కాగితాలు కూడా జల్లారన్నమాట.

"పూలదండ కూడా వేశారా?"

"వేశాం. అయితే ఏంటి?"

నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకేసారి నావైపు ఉరిమి చూశారు. తాళాలు సర్దుకున్నాను.

"డబ్బులు వెనక్కివ్వు" అంది దేలియా.

"ఇవ్వను. తాగించింది మీరు."

"అయితే బాగుచెయ్యి."

"వచ్చే గురువారం రా."

"శనివారం బట్టలు వెళ్లిపోతాయి!" అని అరిచింది.

వాళ్లమ్మ సతుర్నీనమ్మ నాట్యబృందాలకు బట్టలు కుడుతుంది. పూసలు, అద్దాలు, జరీ. పోయినేడు ఆమె ఒక బృందం అంగీల వీపు మీద రెక్కలు విప్పిన డేగను కుట్టింది. ఆ బట్టలతో బృందం వీధిలో ఆడిన మర్నాడే ఫబియాన్ అనే పెద్ద దుకాణం ఆయన అలాంటిదే వేలాడదీసి, డేగ నాదే అన్నాడు. కుట్టేవాళ్ల సంఘం రుజువు అడిగింది. తల్లీకూతుళ్ల దగ్గర ఏమీ లేదు. ఈ ఏటి బేరాలన్నీ ఫబియాన్‌కి పోయాయి. ఒక్క బృందం మిగిలింది.

"ఈసారి అమ్మ బల్లిని కుట్టింది. తోకంతా అద్దాలే. మూడు నెలలు కళ్లు పొడుచుకుని కుట్టింది. వీధిలోకి వెళ్లకముందే ఫొటో తియ్యాలి. సంఘం పెద్ద ఫోన్ ఫొటోలు నమ్మడు. మూలన తేదీ అచ్చయి ఉండాలంటాడు. అందుకే ఈ ముసలిదాన్ని కొన్నాను. లేకపోతే నీ మొహం చూసేదాన్నా?"

"నా చేతిలో పనులున్నాయి."

"సరే."

దేలియా అతని గుడ్డ మీదే, కెమెరాల మధ్య చతికిలబడింది. ఎవరు ఆగినా ఒకటే మాట. "తీసుకోండన్నా, తీసుకోండి. రెండు రోజుల్లో చస్తాయి. ఈయనే చంపుతాడు."

పదకొండు గంటలకల్లా నలుగురు కొనకుండా వెళ్లిపోయారు. లింబర్ట్ పళ్లు నూరుకుంటూ బ్యాటరీ తీసి, మరలు విప్పడం మొదలుపెట్టాడు.

మూడింటికి వడగళ్లు పడ్డాయి. మామూలుగా కాదు, సంతంతా తెల్లబడిపోయింది. ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ పట్టా కింద కెమెరాల్ని కప్పి పట్టుకుని నిలబడ్డారు. భుజాలు తగులుతున్నాయి.

"జరుగు" అన్నాడు.

"నువ్వే జరుగు. నీ అంగుళం నాకెందుకు?"

అతను బ్యాటరీ పెట్టి కెమెరా ఆమె చేతికిచ్చాడు. "నొక్కి చూడు."

ఆమె అతని మొహానికే గురిపెట్టి నొక్కింది. లెన్సు చక్కగా బయటికొచ్చింది, ఫొటో కూడా పడింది. థాంక్స్ చెప్పకుండా వడగళ్లలోనే వెళ్లిపోయింది. లింబర్ట్ ఆమె తిరిగిన మలుపు వంక చాలాసేపు చూశాడు.

"ఎంత పొగరు!" అన్నాడు నాతో.

నేను తాళాల మీది నీళ్లు తుడుచుకున్నాను.

ఆదివారం మళ్లీ వచ్చింది. ఈసారి అరవలేదు. ప్రింట్లు గుడ్డ మీద పరిచింది. బల్లి బ్రహ్మాండంగా ఉంది. ప్రతి ఫొటో మూలనా కాషాయ రంగులో తేదీ. రెండు వేల ఐదో సంవత్సరం, జనవరి.

లింబర్ట్ మొహం పాలిపోయింది. లోపలి గడియారాన్ని నిలబెట్టే బుల్లి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పెద్ద బ్యాటరీ తీస్తే గడియారం మొదటికొస్తుంది. తేదీ పెట్టడం మర్చిపోయాడు.

"బట్టలు నిన్ననే వెళ్లిపోయాయి" అంది దేలియా. "ఈ గంటకి వీధిలో ఆడుతున్నాయి. గురువారంలా నీ మీద అరిచినా బాగుండేది. ఇప్పుడు అరవడానిక్కూడా ఓపిక లేదు."

ప్రింట్లు ఏరుకుని వెళ్లిపోయింది. ఆ రోజు లింబర్ట్ ఏమీ అమ్మలేదు. ఎవరడిగినా విసుక్కున్నాడు.

మంగళవారం సంఘం కూర్చుంది. ఫబియాన్ అప్పటికే బల్లిని వేలాడదీశాడు. లింబర్ట్ ఒక్కడే వెళితే ఎవరినైనా కొడతాడేమోనని నేనూ వెళ్లాను.

ఫబియాన్ ప్రింటు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. "రెండు వేల ఐదట! అప్పటికి ఈ పిల్లకి పాలపళ్లు కూడా ఊడలేదు. దొంగ ఫొటోలండీ!"

"దొంగ అన్నావంటే ఊరుకోను!" దేలియా లేచింది. తల్లి చెయ్యి పట్టి లాగింది.

"తప్పు నాది" అన్నాడు లింబర్ట్ గుమ్మంలోంచి.

అందరూ తిరిగారు. సగం మంది అతని దగ్గర కొన్నవాళ్లే.

"ఆ కెమెరా అమ్మింది నేను. విప్పింది నేను. తేదీ పెట్టకుండా ఇచ్చింది నేను. నా సరుకులో సగానికి ఇదే జబ్బు. ఎవరికీ చెప్పను. ఇవాళ చెబుతున్నాను."

"అయితే తేదీ అబద్ధమేగా?" అన్నాడు సంఘం పెద్ద కసిమిరో.

"ఎక్కడ మొదలైందో అది అబద్ధం. తరవాత రోజులు సరిగ్గానే లెక్కపెడుతుంది. అన్నీ వరసగా పెట్టండి అయ్యా."

దేలియా పెట్టింది. ఒకటో తేదీ ఒకటే ఫొటో. పట్టా కింద కోపంగా చూస్తున్న లింబర్ట్, వెనక తెల్లగా సంత. రెండో తేదీ అన్నీ బల్లులు. మూడో తేదీ బట్టలు లారీకెక్కిస్తున్న బృందం వాళ్లు.

"వడగళ్లు ఏ రోజు పడ్డాయి?" అడిగాడు లింబర్ట్.

"గురువారం. మా రేకులన్నీ చిల్లులు పడ్డాయి" అంది వెనకనుంచి ఒకామె.

కసిమిరో వేళ్లు మడిచాడు. గురువారం ఒకటి. శుక్రవారం రెండు. శనివారం మూడు. వీధిలో ఆడింది ఆదివారం. ఫబియాన్ వైపు తిరిగాడు. "నీ బల్లి ఏ రోజు పుట్టింది?"

ఫబియాన్ టోపీ వెతుక్కుని బయటికి నడిచాడు.

బల్లి తనదేనని తేలగానే సతుర్నీనమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. దేలియా ఏడవలేదు. లింబర్ట్‌ని వీధిలోకి లాక్కొచ్చింది. నేనూ వెనకే వచ్చాను.

"నిన్నెవడు వచ్చి చెప్పమన్నాడు? రేపటికి ఊరంతా తెలుస్తుంది. నీ దగ్గర ఇంకెవరు కొంటారు?"

"ఎవరూ కొనరు."

"మరేం తిని బతుకుతావు?"

"తెలీదు. ఒకటడుగుతాను. నా ఫొటో ప్రింటెందుకు తీయించావు? బల్లి లేదుగా అందులో."

దేలియా ఎర్రబడింది. "కొట్టువాడు పొరపాటున తీశాడు."

"మూలలు నలిగాయి. జేబులో పెట్టుకు తిరిగినట్టుంది."

"నోరు మూస్తావా? ఇంటికి పద. అమ్మ దుంపల సూప్ కాచింది. నీకూ పోస్తుంది."

"ఇది పిలుపా, తిట్టా?"

"నీకెలా వినిపిస్తే అలా. నడు. రోజూ ఇంత నెమ్మదిగానే నడుస్తావా? నాకు జీవితాంతం చిరాకే."

ఆ మాట ఎక్కడిదాకా వెళ్లిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరూ ఆగిపోయారు.

"వేగంగా నడుస్తాలే" అన్నాడు లింబర్ట్.

ఆమె మొహం తిప్పుకుంది. అతని చొక్కా చెయ్యి మాత్రం వదల్లేదు.