ఆరో నంబర్ గది తలుపు

శవాన్ని పైకి తెచ్చినప్పుడు దానితో పాటు ఒక చిన్న గాజు పళ్ళెం కూడా వచ్చింది.

పళ్ళెంలో వేలిగోరంత లోహపు ముక్క. అప్పుడే తోమిన చెంచాలా మెరుస్తోంది.

ఉదయం ఆరూ నలభై. జులై నెల. టెన్నెసీ కొండల మీద గాలి తడిగుడ్డలా వేలాడుతోంది. లారెల్ కోవ్ ప్రయోగశాల సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ వర్జిల్ హెంబ్రీ కాఫీ కప్పు పట్టుకుని ఆ ముక్కనే చూస్తూ నిలబడ్డాడు.

చనిపోయింది డాక్టర్ ఇర్విన్ ప్లాట్. లోహాల నిపుణుడు.

వారాల తరబడి కిందికి దిగకుండా ఎగిరే అణు విమానం కోసం ఇక్కడ రియాక్టర్ తయారవుతోంది. ఆ రియాక్టర్ వేడిని ఇంజన్ దాకా మోసుకెళ్ళేది కరిగిన సోడియం. ఆ సోడియం తనను మోసే గొట్టాలను ఎంత కాలానికి తినేస్తుందో కనిపెట్టడం ప్లాట్ పని. ఆరో నంబర్ గదిలో, నేల కింద ఎనిమిది అడుగుల గుంటలో, ఆ గొట్టాలు ఉన్నాయి. అతను పడి ఉన్నదీ అక్కడే.

మాస్కులు పెట్టుకున్న ఫైర్‌మెన్ అతన్ని పైకి ఎత్తారు. వాళ్ళలో ఒకడు తన కోటు మడిచి ప్లాట్ తల కింద పెట్టాడు. పోయినవాడికి తలగడ ఎందుకని ఎవరూ అడగలేదు.

హెంబ్రీ అది గమనించాడు. ఏదో అనిపించాలి. అనిపించలేదు. మార్చిలో భార్య మావిస్ పోయినప్పటి నుంచి అన్నీ గాజు పలకకు అవతల జరుగుతున్నట్టే ఉంటున్నాయి.

"గుండె ఆగిపోయింది," అన్నాడు ప్రయోగశాల వైద్యుడు.

హెంబ్రీ కాఫీ సగం తాగేసరికి లోహపు ముక్క మసకబారింది. కప్పు ఖాళీ అయ్యేసరికి బూడిదరంగు పొర కమ్మింది.

అతను విభాగం అధిపతి డాక్టర్ నోర్డ్‌క్విస్ట్ వైపు తిరిగాడు.

"డాక్టర్‌గారూ, కోసిన సోడియం ఈ గాలిలో ఎంతసేపు మెరుస్తుంది?"

"ఐదు నిమిషాలు. ఈ ఉక్కలో అంత కూడా ఉండదు."

"పైకి తెచ్చేదాకా ఇది మెరుస్తూనే ఉంది."

నోర్డ్‌క్విస్ట్ పళ్ళెం వంక చూశాడు. ముఖం పాలిపోయింది.

"అయితే కింద గాలి లేదు. ఆర్గాన్."

వెల్డింగ్‌కు ముందు గొట్టంలోని గాలిని తరిమేయడానికి రాత్రంతా ఆర్గాన్ వదులుతారు. రంగు లేదు, వాసన లేదు, గాలికంటే బరువు. ఒక బిగింపు వదులై గుంటలోకి కారింది. వర్షపు నీటిలా అడుగున నిలిచి, పీల్చే గాలిని పైకి నెట్టేసింది. ప్లాట్ చల్లారి గడ్డకట్టిన సోడియంలో ఒక ముక్క కోసి, పళ్ళెం నేల మీద పెట్టి, ఇంకో ముక్క కోసం వంగాడు.

అంతే.

మరి ఆర్గాన్ వదిలినట్టు అతనికి ఎందుకు తెలియలేదు?

లారెల్ కోవ్‌లో ఒక కట్టుబాటు ఉంది. గ్యాస్ వదిలినవాడు 'ప్రమాదం' అని, కింద తన పేరూ రాసిన ఎర్ర ట్యాగ్ తలుపుకి తగిలించాలి. తగిలించినవాడే తియ్యాలి. ఇంకొకరు, డైరెక్టరైనా సరే, ముట్టుకోకూడదు.

ఆరో నంబర్ తలుపుకి ట్యాగ్ లేదు.

ఎనిమిది గంటలకల్లా, నిన్న ఆర్గాన్ వదిలిన వెల్డర్ డ్యూయీ లెడ్‌ఫోర్డ్ బ్యాడ్జీ హెంబ్రీ జేబులోకి వచ్చింది. పదింటికి విచారణ కమిటీ. ఆ తర్వాత జిల్లా ప్రాసిక్యూటర్. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే జైలే.

"తగిలించాను సార్. నిన్న మధ్యాహ్నం రెండింటికి," అన్నాడు డ్యూయీ.

"మరి ఏది?"

"నేనూ అదే అడుగుతున్నా."

"మర్చిపోయావేమో?"

"పెళ్ళిరోజు మర్చిపోతాను. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, ఏడాదేడాదీ చెప్పి తిడుతుంది. ట్యాగ్ మర్చిపోను."

"ఎవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు? అందరూ ఆ కల్నల్‌గారి కోసం నేలలు రుద్దుతుంటే! ఇర్వినూ నేనూ ఆదివారాలు కలిసి చేపలు పడతాం సార్. వాడికి గాలం కట్టడం కూడా రాదు. నేనే కట్టిచ్చేవాణ్ణి."

హెంబ్రీ ఆరో నంబర్ గదికి వెళ్ళాడు. పొద్దుటి నుంచి ఎన్నోసార్లు ఆ తలుపు తోసుకుని వెళ్ళాడు. ఈసారి తొయ్యలేదు. ఎదురుగా నిలబడి చూశాడు.

నిన్న వాషింగ్టన్ నుంచి వచ్చిన కల్నల్ కోసం తలుపుకి కొత్తగా బూడిదరంగు వేశారు. కంటి ఎత్తున ఒక మేకు. దాని కింద అరచేయంత మేర పాత ఆకుపచ్చ రంగు అలాగే ఉంది.

పెయింటర్ క్లీటస్ గాంట్‌కి కబురు పంపాడు. ఇద్దరిదీ ఒకటే చర్చి.

"క్లీటస్, ఈ తలుపు సగంలో వదిలేశావేం?"

"సగమా! బ్రదర్ వర్జిల్, ఆ అంచు చూడు. స్కేలు పెట్టినా అంత తిన్నగా రాదు."

"మరి మధ్యలో ఆ పచ్చ?"

"ట్యాగ్ ఉందిగా అక్కడ. ఎవరిదో ట్యాగ్ నేనెందుకు ముట్టుకుంటా? దాని చుట్టూ వేశాను."

"ఎన్నింటికి?"

"మూడున్నరకి."

"ఈ మాట పొద్దున్న చెప్పలేదేం?"

"అడిగితేగా!"

పదికి పది నిమిషాల ముందు హెంబ్రీ ముగ్గురినీ ఆ తలుపు ముందుకు రప్పించాడు. డ్యూయీ, క్లీటస్, నోర్డ్‌క్విస్ట్.

"మూడున్నరకి ట్యాగ్ ఇక్కడే ఉంది," అన్నాడు పచ్చ ముక్క చూపిస్తూ. "తలుపే సాక్ష్యం చెబుతోంది. డ్యూయీ అబద్ధమాడలేదు. ఆ తర్వాత ఎవరో తీశారు."

"ప్లాటే తీశాడేమో," అన్నాడు నోర్డ్‌క్విస్ట్.

"తీస్తే అతని దగ్గర ఉండాలి. జేబుల్లో లేదు, గుంటలో లేదు. చెత్తబుట్టలన్నీ బోర్లించాను. వాటిలోనూ లేదు. అంటే తీసినవాడు పారెయ్యలేదు. మళ్ళీ తగిలిద్దామనే దాచాడు." హెంబ్రీ గొంతు పెంచలేదు. "నిన్న ఐదింటికి కల్నల్‌ని ఈ వరండాలో నడిపించింది ఎవరు, డాక్టర్‌గారూ?"

పంపుల చప్పుడు వినిపిస్తోంది.

నోర్డ్‌క్విస్ట్ తన బ్రీఫ్‌కేసు తెరిచాడు. ఎర్ర ట్యాగ్ బయటికి వచ్చింది. అంచుల వెంట బూడిదరంగు.

"ఒక్క గంటే అనుకున్నాను," అన్నాడు. "ఈ ప్రాజెక్టు ఉంచాలా మూసెయ్యాలా అని చూడ్డానికి వచ్చాడాయన. కొత్త తలుపు మీద ప్రమాదం అన్న మాటే ముందు కనబడకూడదనుకున్నాను. తర్వాత ఆయన డిన్నర్‌కి రమ్మన్నాడు. స్టేక్ తిన్నాం. బాగా జరిగిందని సంతోషంలో..." ఆగాడు. "ఈ ట్యాగుల నియమం రాసింది నేనే."

అతని చేయి దానంతటదే మేకు వైపు లేచింది, ఇప్పుడు తగిలిస్తే సరిపోతుందన్నట్టు.

"వద్దు సార్," అన్నాడు డ్యూయీ మెల్లగా. "అది నా ట్యాగ్."

చేయి గాలిలోనే ఆగిపోయింది.

హెంబ్రీ ట్యాగ్ లాక్కోలేదు. "డ్యూయీ, నువ్వు తీసుకో. నువ్విస్తే నేను తీసుకుంటాను."

డ్యూయీ తీసుకున్నాడు. తన పేరు మీద బొటనవేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఇర్విన్‌కి నొప్పి తెలిసిందా సార్?"

"లేదు. రెండు ఊపిర్లు. నిద్రపోయినట్టే పోయాడు."

అది నిజమే. అలా పోవడం ఎంత దయో హెంబ్రీకి తెలుసు. మావిస్‌కి ఏడు నెలలు పట్టింది.

అతను జేబులోంచి బ్యాడ్జీ తీసి డ్యూయీ చొక్కాకి పెట్టాడు. డ్యూయీ ట్యాగ్ అతని చేతిలో పెట్టాడు. నోర్డ్‌క్విస్ట్ ఎవరూ పిలవకుండానే కమిటీ గది వైపు నడిచాడు.

"బ్రదర్ వర్జిల్, ఆ పచ్చ ముక్కకి రంగు వేసెయ్యనా?" అన్నాడు క్లీటస్.

"ఉండనీ."

ఆ ఉక్కలో ట్యాగ్ అంచున రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. హెంబ్రీ వేలికి కొంచెం అంటింది. చల్లగా, జిగటగా.

అతను దాన్ని తుడుచుకోలేదు. అంటినట్టు తెలుస్తోంది. చాలా రోజుల తర్వాత, ఏదో అంటినట్టు తెలుస్తోంది.