చివరి రీలు

పాట వస్తే తూనీగ రిమోటు నొక్కి దాటించేసింది. ఏడుపు వస్తే అదీ దాటించేసింది. చివరి సీను దగ్గర ఆపి తాతయ్య వైపు గర్వంగా చూసింది.

"అంతే తాతయ్యా. అన్నదమ్ములు కలిసిపోయారు. మూడు గంటల సినిమా ఇరవై నిమిషాల్లో అవగొట్టేశాను."

తాతయ్య తలూపి, కళ్లజోడు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయాడు.

ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో పెట్టిన పేరు తూనీగ. పదేళ్లొచ్చినా ఆ పేరు దాన్ని వదల్లేదు.

సంగతి విని అమ్మ ముఖం చిన్నబోయింది. తాతయ్య ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. ఆ సినిమాను వంద రోజులు ఆడించింది ఆయనే. కానీ చివరి రీలు నడుస్తున్నప్పుడు, తెరకు వీపు పెట్టి, అయిపోయిన రీళ్లను తర్వాతి ఆట కోసం వెనక్కి చుడుతూ ఉండేవాడు. ముగింపు సంగతి మెట్లు దిగే జనం చెప్పుకుంటుంటే వినడమే.

"ఒక్కసారైనా కూర్చుని చివరిదాకా చూడాలని వారం నుంచి అడుగుతున్నాడే," అంది అమ్మ.

తూనీగ పరుగున తాతయ్య దగ్గరికి వెళ్లింది. సారీ చెబితే, కథ తెలిసిందేగా, పోనీలెమ్మని తాతయ్య దాని తల నిమిరాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు ఆదివారం. తూనీగ కర్టెన్లు మూసి, తాతయ్యను చెయ్యి పట్టి తీసుకొచ్చి టీవీకి ఎదురుగా కూర్చోబెట్టింది. తను రిమోటు పుచ్చుకుని వెనక స్టూలెక్కింది.

"ఇవాళ ఆపరేటర్ని నేను. నువ్వు వెనక్కి చూడకూడదు."

ఫోను మోగితే పరుగెత్తి ఆపింది. ఇంటర్వెల్లో మంచినీళ్లు అందించింది. పాటలప్పుడు వేలు ఎంత దురద పెట్టినా రిమోటు నొక్కలేదు.

చివర్లో తాతయ్య కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. శుభం పడి తెర నల్లబడేదాకా కదల్లేదు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"చూశావా, అన్న తమ్ముణ్ణి ఎలా గుర్తుపట్టాడో?"

"చూళ్లేదు తాతయ్యా. అప్పుడే గేటు చప్పుడైంది. తలుపు కొడితే నీకు అడ్డమని పరిగెత్తాను."

తాతయ్య చాలాసేపు నవ్వాడు. ఆపరేటర్ల బతుకు ఇంతేనన్నాడు. పక్కనున్న కుర్చీని దగ్గరికి లాక్కున్నాడు.

"రా, ఇక్కడ కూర్చో. చివరి రీలు ఇద్దరం కలిసి చూద్దాం."

తూనీగ ఆ సీను మళ్లీ మొదలుపెట్టి, రిమోటు తాతయ్య ఒళ్లో పెట్టేసి, పక్కన కుదురుగా కూర్చుంది.