అమ్మకు పడని జరిమానా

పొద్దున్నే ముస్తాబై, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అమ్మ. నాన్న పేపరులోంచి తల ఎత్తలేదు.

"మా అక్కని చూసి రెండు నెలలైంది. ఈపూటైనా దింపుతారా?"

"రేపు చూద్దాంలే."

సెలవని పుట్టింటికొచ్చిన కూతురు టీ కప్పుతో గుమ్మంలో ఆగింది. ట్రాఫిక్ తప్పులు చేసినవాళ్ళకు మళ్ళీ పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రంలో ఆమె టీచరు. కిందటేడు అమ్మ కారు వెనక్కి తీస్తూ ఆగివున్న బండిని గుద్దింది. నాన్న ఎర్రలైటు దాటాడు. ఇద్దరూ ఆ కేంద్రంలోనే, వేరే టీచరు దగ్గర, పక్కపక్కన కూర్చుని పాఠం విన్నారు. ఆ తర్వాత నాన్నకు మళ్ళీ రెండు జరిమానాలు పడ్డాయి. అమ్మకు ఒక్కటీ లేదు. ఆ కేంద్రానికొచ్చిన అమ్మ ఈడు ఆడవాళ్ళందరిదీ అదే వరస. పాఠం వీళ్ళకే బాగా ఒంటబట్టిందని కూతురు గొప్పగా చెప్పుకునేది.

"నువ్వే నడుపుకుంటూ వెళ్ళొచ్చుగా. ఏడాదిగా నీకు ఒక్క జరిమానా లేదు."

"బండి తీస్తే కదే పడడానికి," అంది అమ్మ.

"తియ్యడమే లేదా? ఎప్పట్నించి?"

"ఆ క్లాసైన దగ్గర్నించి. చూపు ఆనకపోతే ఏమవుతుందో, చెయ్యి తడబడితే ఏమవుతుందో చెప్పారు. అదంతా నాకే చెప్తున్నారనిపించింది. ఎవరి ప్రాణం తీస్తానోనని తాళం బీరువాలో పడేశాను."

నాన్న పేపరు దించాడు. "నాకైతే పక్కవాళ్ళకి చెప్తున్నట్టే ఉందే. అయినా నడపనని నువ్వే అన్నావు కదా."

"అన్నాను. ఎందుకని ఒక్కసారైనా అడిగారా?" అంది అమ్మ.

ఆ మాట కూతురికీ తగిలింది. తనూ అడగలేదు. ఉండబట్టలేక, తన దగ్గర పాఠం విన్న ఇద్దరు పెద్దావిడలకు అక్కడికక్కడే ఫోన్ చేసింది. ఒకావిడ కారు అమ్మేసింది. ఇంకొకావిడ కొడుకు తిప్పితే తప్ప గడప దాటడం లేదు.

"మీరంతా బాగుపడ్డారని మురిసిపోయానమ్మా. ఇంట్లో కూర్చోబెట్టామని తెలీలేదు," అంటుంటే కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాన్న లేచి, బీరువాలోంచి తాళం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. తాను వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. కూతురు ముందు, అమ్మ పక్కన కూర్చుంది.

కూడలి దగ్గర వెనకనించి హారన్లు మొదలయ్యాయి. అమ్మ వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"పోనీ, పోనీ," అన్నాడు నాన్న.

"ఉండండి. నన్ను చూసుకోనివ్వండి."

నాన్న సీటుకు చేరగిలబడ్డాడు. అమ్మ రెండువైపులా తీరిగ్గా చూసుకుని, బండి ముందుకు పోనిచ్చింది.