గొడుగులవారి అబ్బాయి

ఆ వానాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: బజారు మలుపులో గొడుగుల కొట్టు, నిండా సరుకు, కొట్టు నెత్తిన ‘గొడుగులవారు’ అన్న పాత బోర్డు. మా ఇంటిపేరే అది. గొడుగులమ్మేవాడికి అంతకన్నా కలిసొచ్చే ఇంటిపేరు ఏముంటుంది? ప్రకటనల దండగ ఖర్చన్నది మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఓరోజు ఒకమ్మాయి తడిసి ముద్దయి కొట్టుకొచ్చింది. చేతిలో గొడుగు గాలికి తిరగబడి గరాటులా ఉంది.

“నిన్న ఇక్కడే కొన్నాను. దీంతో నీళ్ళు పట్టుకోమంటారా?”

“గాలికి ఎదురు పట్టుకుంటే ఏ గొడుగైనా అంతేనండీ.”

“సరే, గాలికి చెప్పి వస్తాను, ఎటునుంచి రావాలో.”

కడ్డీలు సరిచేసి ఇచ్చాను. “డబ్బులేం వద్దు” అన్న మాట నా నోటినుంచి రావడం నాకే కొత్త. వెళ్తూ బోర్డు చూసింది.

“మీ ఇంటిపేరా? మాదీ అదే.”

ఇక ఆ గొడుగుకి రోజుకో జబ్బు. పిడి వదులైందని ఓసారి, బొత్తాం పడటం లేదని ఓసారి. బాగున్న కడ్డీని తనే వంచి తెస్తోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఒకరోజు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకొచ్చింది. రిటైరైన హెడ్మాస్టారు. ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలంటే ఆయనకు పిచ్చి.

“మన పూర్వీకుడు రాజుగారికి గొడుగు పట్టాడోయ్. ఇప్పుడు మనవాళ్ళు లేని ఊరు లేదు. రక్తం ఎక్కడికి పోతుంది? నువ్వు నాకు కొడుకు వరస.”

కొడుకు వరసైతే ఆమె నాకు చెల్లెలు. ఒకే ఇంటిపేరువాళ్ళకు పెళ్ళి కుదరదని చెప్పడానికి హెడ్మాస్టారు అక్కర్లేదు.

ఆయన గొడుగులు చూస్తుంటే ఆమె గుసగుసగా అడిగింది. “ఇప్పుడేం చేద్దాం?”

“ఏముంది, అన్నయ్యకి దణ్ణం పెట్టు.”

“కాలు తొక్కుతాను.”

తొక్కింది.

ఇంటికొచ్చి కంచం ముందు దిగాలుగా కూర్చుంటే నాయనమ్మ సంగతంతా రాబట్టింది.

“ఓస్, ఇంతేనా. అది మన ఇంటిపేరు కాదురా.”

“కాదా?”

“మీ తాత ఆ కొట్టుని బోర్డుతో సహా కొన్నాడు. కొత్త బోర్డు దండగన్నాడు. జనం ఆ పేరుతో పిలిస్తే పలికాడు. మీ నాన్నని బళ్ళో వేసేటప్పుడు అదే రాయించాడు.”

“మరి మనదేంటి?”

“చిల్లులవారం.”

గొడుగుల కొట్టుమీద తాత ఆ పేరు ఎందుకు రాయించలేదో వేరే చెప్పక్కర్లేదు.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“అడిగావట్రా?”

పొద్దున్నే నాయనమ్మతో హెడ్మాస్టారింటికి వెళ్ళాను. అంతా విని ఆయన ఎర్రబడ్డారు.

“మా పెదనాన్న ఏదో కొట్టు అమ్మాడని చిన్నప్పుడు విన్నాను గానీ, అది ఇదేనని తెలియదు. అంటే మా పేరు చెప్పుకుని మూడు తరాలు బతికారన్నమాట.”

“మీ పేరు మీరు తీసుకోండి మాస్టారూ. వడ్డీ కింద మా మనవణ్ణి ఉంచుకోండి,” అంది నాయనమ్మ.

“పిల్లనివ్వాలంటే ముందు ఆ బోర్డు దిగాలి. మీ పేరు మీరు పెట్టుకోండి.”

లెక్క వేశాను. సగం బేరాలు ఆ బోర్డు చూసి వచ్చేవే. ఎదురు వరసలో పోటీ కొట్టు కాచుకుని కూర్చుంది. చిల్లులవారి దగ్గర గొడుగు ఎవరు కొంటారు? ఆమె వైపు చూశాను. గోడ వైపు తిరిగి నిలబడింది గానీ చెవి మాత్రం ఇటే ఉంది.

“సాయంత్రానికి దింపేస్తాను,” అన్నాను.

కొత్త బోర్డు కింద జనం ఆగి నవ్వారు. నవ్వినవాళ్ళు లోపలికొచ్చి, గొడుగులు విప్పి, వెలుతురుకు పట్టి చిల్లులు వెతికారు. దొరక్క, వట్టి చేతులతో వెళ్ళడానికి మొహమాటపడి కొన్నారు.

పెళ్ళయ్యాక ఆమె ఇంటిపేరు మార్చుకోనంది. “ఇంట్లో ఒకళ్ళయినా పరువుగా ఉండాలి,” అంది. మామగారు రోజూ కొట్లో కూర్చుని మా వంశం తవ్వుతున్నారు. కోటగోడ చిల్లుల్లోంచి బాణాలేసిన వీరులమట. “వీరులూ లేదు శూరులూ లేదు, చిల్లు బిందెలకి మాట్లు వేసేవాళ్ళు,” అంటుంది పక్క కుర్చీలోంచి నాయనమ్మ. బేరానికొచ్చినవాళ్ళు ఈ తగువు తేలేదాకా కదలరు, ఏదో ఒకటి కొనకుండా పోరు.

ఇక లెక్క. పోయింది పాత బోర్డు. వచ్చినవి నాలుగింతల బేరం, జీతం అడగని మామగారు, నా మాట ఒక్కటీ నెగ్గనివ్వని భార్య. తాత ఉండుంటే కొత్త బోర్డు ఖర్చు విని గుండె పట్టుకునేవాడు. తర్వాత మనవడి పెళ్ళాన్ని ఓసారి తేరిపార చూసి, “పర్లేదురా, గిట్టుబాటే” అనేవాడు.