తొలి ధార

"మళ్ళీ కొండెక్కాలా సార్?" అన్నాడు ఏజెంట్ వుకాషిన్.

కల్నల్ ఒబ్రెన్ ఫైల్లోంచి తలెత్తలేదు. "కారు వెళ్తుంది."

"ఆఖరి అర కిలోమీటరు వెళ్ళదు. నేను పుట్టింది ఆ కొండ మీదే."

"అందుకేగా నిన్ను పంపుతోంది."

వుకాషిన్‌కి యాభై తొమ్మిదేళ్ళు. రిటైర్మెంట్‌కి ఇంకా నూట పదకొండు రోజులుంది. మూడు దేశాల్లో మూడు పేర్లతో బతికాడు. రెండుసార్లు తూటా తిన్నాడు. ఇప్పుడతనికి మిగిలిన శత్రువులు రెండే, రెండూ మోకాళ్ళే. ఈ ఉద్యోగం మొదలెట్టినప్పుడు దేశాన్ని కాపాడుతున్నాననుకునేవాడు. ఈమధ్య మెట్లు లేని మిషన్ ఏదైనా దొరికితే చాలనుకుంటున్నాడు.

"పేరు ఓగ్న్యెన్," కల్నల్ ఫోటో ముందుకి తోశాడు. "రహస్య సందేశాలు చూసే మన సైఫర్ క్లర్క్. ఒక విదేశీ ముఠా మన ఆఫీసులోనే మనుషుల్ని కొనేసింది. వాళ్ళ పేర్ల లిస్టు వీడి చేతికి చిక్కింది. ఎవర్ని నమ్మాలో తెలీక లిస్టుతో సహా పారిపోయాడు. ఆర్నెల్ల క్రితం వీడి కారు ద్రీనా నదిలో పడింది. శవం దొరకలేదు. చచ్చాడనే రాసుకున్నాం."

"మరి నేనెందుకు?"

"ముఠాకి నమ్మకం కుదర్లేదు. వెతుకుతున్నారు. బతికుంటే వాళ్ళకంటే ముందు మనకి తెలియాలి. వాళ్ళ అమ్మా నాన్నా పోవ్లెన్ కొండ మీద రాకియా, అదే ప్లమ్ పళ్ళ సారా, కాస్తారు. టూరిస్టులొస్తారు, బట్టీ చూస్తారు, రెండు గుక్కలు రుచి చూస్తారు, పోతారు. నువ్వూ వెళ్ళు. బెల్‌గ్రేడ్‌లో హోటల్ యజమానివి. ఏజెంట్ ఇసిదోరా నీ అన్న కూతురిగా వస్తుంది."

అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడున్న ఇసిదోరా ఇటు తిరిగి నవ్వింది. ఆ నవ్వుకి ఇద్దరు రాయబారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఈవిడా ఆ కొండల పిల్లే. వాళ్ళ నాన్న బట్టీ పెట్టేవాడు. ఫైల్లో ఉంది," అన్నాడు కల్నల్. ఆవిడ వెళ్ళాక గొంతు తగ్గించాడు. "ఆఫీసు ద్రోహి ఎవరైనా బయటపడితే ఫోన్లో 'అత్తయ్యకి జ్వరం' అను. చాలు."

తర్వాత ఓ డబ్బీ ఇచ్చాడు. అందులో చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్. కిలోమీటరు దూరంలో గుసగుసలాడినా వినిపిస్తుందట.

"నా చెవులు బాగానే ఉన్నాయి సార్. మోకాళ్ళకేమైనా మిషనుందా?"

"లేదు."

*

సెప్టెంబరు నెలాఖరు. ప్లమ్ పళ్ళు రాలి కుళ్ళే కాలం. కొండంతా ఆ పులిసిన వాసనే. మధ్యాహ్నం మూడింటికి వుకాషిన్ అర కిలోమీటరూ ఎక్కి, రాదిసావ్ ఇంటి ముందు బల్ల మీద కూలబడ్డాడు. ఇసిదోరాకి చెమట కూడా పట్టలేదు.

డెబ్భై దాటిన రాదిసావ్ ఎదురొచ్చాడు. "ఏం బాబూ, హోటల్ భోజనం మోకాళ్ళలోకి దిగిందా?"

"మీ కొండ పెరిగింది అన్నా. నా చిన్నప్పుడు ఇంత లేదు."

"ఏ ఊరు మనది?"

"వాగు అవతల."

"అలా చెప్పు! వాగు అవతలివాళ్ళకి మొదట్నుంచీ కాళ్ళు బలహీనం, నోరు బలం."

ఆయన భార్య స్తానా పళ్ళెంలో ప్లమ్ పాకం, చెంచాలు, మంచినీళ్ళు తెచ్చింది. మనిషి సన్నగా ఉంది. నల్ల తలగుడ్డ, నల్ల గౌను. పుట్టెడు శోకంలో ఉన్న తల్లి ఎలా ఉండాలో అలాగే ఉంది. అందరూ తలో చెంచా తిని నీళ్ళు తాగారు.

"బాబాయ్, ఫోన్ కారులో మర్చిపోయాను," అంటూ ఇసిదోరా కిందికి దిగింది.

రాదిసావ్ బట్టీ పాకలోకి తీసుకెళ్ళాడు. రాగి బాన కింద బీచ్ చెట్ల కట్టెలు మండుతున్నాయి. మూత చుట్టూ ఆవిరి పోకుండా రొట్టె పిండి మెత్తారు. గొట్టం చివరినుంచి సన్నగా ధార పడుతోంది. స్తానా ఆ ధార కింద పెట్టిన చిన్న కుండ తీసి, అందులోది ఒక సీసాలోకి వంపి, మొక్కజొన్న కండె ముక్కతో బిరడా బిగించింది.

"ఇది తొలి ధార," అన్నాడు రాదిసావ్. "తాగితే కళ్ళు పోతాయి. అతిథికివ్వం. చచ్చినవాళ్ళక్కూడా పోయం."

"తాతకి దగ్గులు నేర్పకన్నా. మా అమ్మ దీంతోనే మా అందరి నడుములూ రుద్దేది."

స్తానా ఆ సీసా అతని చేతిలో పెట్టింది. "అయితే తీసుకో నాయనా. రాత్రి పడుకోబోయే ముందు మోకాళ్ళకి రాసుకో. వేరే సీసాల్లో కలిపేసేవు, కండె బిరడా గుర్తు."

ముప్పై ఏళ్ళ సర్వీసులో అతనికెవరైనా ఊరికే ఇచ్చింది అదొక్కటే. సీసా కోటు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే చెవిలో మిషన్ గరగరలాడింది. తర్వాత ఇసిదోరా గొంతు, కారు దగ్గరనుంచి.

"ఒక్క నొక్కు అంటే చచ్చాడు, వెనక్కి పొండి. రెండు నొక్కులంటే బతికున్నాడు, పైకి రండి, ఎవర్నీ మిగల్చొద్దు. నాలుగింటిలోగా ఏ సిగ్నలూ రాకపోతే, వచ్చేయండి."

ఒక మగ గొంతు సరేనంది. పాక కిటికీలోంచి వుకాషిన్ కిందికి చూశాడు. రోడ్డు మలుపులో బూడిద రంగు వ్యాను ఆగి ఉంది.

అతనికి కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా నీరసం వచ్చింది. ఈవిడ కూడానా అనుకున్నాడు. తుపాకీ ఉంది గానీ ఏం లాభం? ఆవిణ్ణి పట్టుకుంటే సిగ్నల్ వెళ్ళదు. సిగ్నల్ వెళ్ళకపోతే నాలుగింటికి ఆ వ్యాను పైకొస్తుంది. ఫోన్ చేద్దామంటే ఈ కొండ మీద ఒక్క సిగ్నల్ గీత కూడా లేదు. టైము మూడూ ఇరవై ఐదు.

ఇసిదోరా తిరిగొచ్చింది. చేతిలో ఉన్నది ఫోన్ కాదు, పౌడర్ డబ్బీ; సిగ్నల్ నొక్కేది దాన్నే. "అబ్బ, ఏం వాసన! మా నాన్న గుర్తొచ్చాడు!" అంది తేనె పూసిన గొంతుతో. గొట్టం కింద మళ్ళీ పెట్టిన తొలి ధార కుండలో గ్లాసు ముంచి పెదాల దాకా తెచ్చింది.

"ఆగమ్మా తల్లీ!" రాదిసావ్ గ్లాసు లాక్కున్నాడు. "గుడ్డిదానివైపోతావ్!"

ఆ కొండల్లో పాలు మానని పిల్లకి కూడా ఆ కుండ ముట్టుకోకూడదని తెలుసు. వాళ్ళ నాన్న బట్టీ పెట్టాడట! బట్టీ కాదు కదా, ఈవిడకి కొండే తెలీదు. ఫైలంతా కల్పితమే. అది అతనికొక్కడికే తెలుసు. ఎప్పుడైనా పనికొస్తుందని మనసులో దాచుకున్నాడు.

*

రుచి చూడ్డానికి అందర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టారు. మట్టి నేల. బల్ల మీద పొగబెట్టిన మాంసం, మీగడ, రొట్టె. స్తానా నాలుగు చిన్న గ్లాసుల్లో రాకియా పోసింది.

రాదిసావ్ లేచి, తాగే ముందు ఆ కొండవాళ్ళంతా చేసే పని చేశాడు. ఒక్కో పేరూ చెప్తూ గ్లాసులోంచి ఒక్కో చుక్క నేల మీద పోశాడు.

"మా నాన్న ఆత్మని దేవుడు మన్నించుగాక. మా తమ్ముడు తిహోమిర్‌ని. మా బావ మిలుతిన్‌ని, వాడు నా కంబళి ఎగ్గొట్టి చచ్చాడు, అయినా సరే. మా గుర్రం దోరత్‌ని."

"గుర్రానికి కూడానా?" అంది ఇసిదోరా నవ్వుతూ.

"ఇరవై రెండేళ్ళు ఈ కట్టెలన్నీ మోసిందమ్మా. మా బావ ఒక్క పుల్ల మోశాడా?" అని మిగతాది గటగటా తాగి కూర్చున్నాడు.

వుకాషిన్ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఎప్పుడో చచ్చిన గుర్రానికి పోసిన ముసలాయన, ఆర్నెల్ల క్రితం చచ్చిన కొడుక్కి పోయలేదు. నల్ల బట్టలు కట్టుకోగలిగారు, ఏడవగలిగారు, ఊరంతటికీ అబద్ధం చెప్పగలిగారు. కానీ బతికున్న బిడ్డ పేరు చెప్పి నేల మీద చుక్క పోయడం మాత్రం వీళ్ళ వల్ల కాలేదు. అలా పోస్తే వాణ్ణి తమ చేతులతో తామే మట్టిలో పెట్టినట్టు.

ఓగ్న్యెన్ బతికే ఉన్నాడు. బహుశా ఈ కప్పు కిందే.

దేవుడా, ఈవిడ గమనించకపోతే బాగుణ్ణు అనుకున్నాడు. కానీ ఇసిదోరా మూర్ఖురాలు కాదు. కొండ తెలియదు గానీ లెక్క తెలుసు.

"పెద్దాయనా," అంది మెత్తగా. "గుర్రానికి పోశారు. మీ అబ్బాయికి పోయలేదే?"

రాదిసావ్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"మర్చిపోయారేమో పాపం," అంది ఇసిదోరా. పౌడర్ డబ్బీ తెరిచి అద్దంలో చూసుకుంటోంది. బొటనవేలు అంచు మీద ఉంది. "అమ్మా, మీరు పోయండి. కన్నతల్లి చేత్తో పోస్తే ఆత్మకి శాంతి."

గోడ గడియారం నాలుగింటికి ఆరు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

స్తానా గ్లాసు తీసుకుంది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి వంగలేదు. నోరు తెరిచింది, కొడుకు పేరు రాలేదు. ఇసిదోరా వేలు ఒకసారి కదిలి, ఇంకా నొక్కకుండా ఆగింది. ఆవిడ చిన్నగా నవ్వుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

"ఆగక్కా!" వుకాషిన్ లేచాడు. మోకాళ్ళు రెండూ టపటపమన్నాయి. "తప్పు తప్పు! ఏడాది తిరిగేదాకా తల్లీ తండ్రీ పోయకూడదు. పరాయివాడెవడైనా పోయాలి. దుఃఖంలో మర్చిపోయావా?"

అలాంటి ఆచారం ఏ కొండ మీదా లేదు. రాదిసావ్ నోరు తెరిచి చూస్తున్నాడు. వుకాషిన్ ఇసిదోరా వైపు తిరిగాడు.

"నీకు తెలీనిదేముందమ్మాయ్. మీ ఊళ్ళోనూ ఇంతే కదా? మీ నాన్న బట్టీ దగ్గర?"

అవునంటే ఆచారం ఒప్పుకున్నట్టు. కాదంటే తను ఈ కొండ పిల్ల కాదని ఒప్పుకున్నట్టు. ఇసిదోరా ఒక్క క్షణం తడబడింది.

"అవును బాబాయ్," అంది. "మా ఊళ్ళోనూ అంతే."

వుకాషిన్ జేబులోంచి సీసా తీశాడు. కండె బిరడాని స్తానా కళ్ళ ముందే, తొందర లేకుండా ఊడదీశాడు. ఘాటైన వాసన గుప్పుమంది. మొత్తం సీసా నేల మీద వంపేశాడు.

"ఓగ్న్యెన్ ఆత్మని దేవుడు మన్నించుగాక."

స్తానా బిరడా వైపు చూసింది. తడిసిన నేలని చూసింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. తొలి ధార చచ్చినవాళ్ళకి పోయరు. పోసినా అది పోసినట్టు కాదు. ఈ మనిషికది తెలుసు. తెలిసే పోశాడు.

ఆర్నెల్లుగా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. నేల మీద కూలబడి, తడి మట్టిని అరచేతుల్తో నిమురుతూ, "నా తండ్రీ! నా బంగారూ!" అని గుండెలు బాదుకుంది. రాదిసావ్ టోపీ తీసి ముఖం కప్పుకున్నాడు. అలా ఏడ్చే తల్లిని చూసి కొడుకు బతికున్నాడని ఎవడంటాడు?

ఇసిదోరా ఒక్కసారి నొక్కింది. డబ్బీ మూసింది.

వుకాషిన్ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. వ్యాను వెనక్కి తిరిగి, కొండ దిగి, కనబడకుండా పోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

వెళ్ళేటప్పుడు స్తానా అటక మీద వెనక వరసలోంచి ఒక ప్లమ్ పాకం సీసా తెచ్చిచ్చింది. "నీకే నాయనా. అడుగుదాకా తిను." తర్వాత చెవి దగ్గర, "వాడెక్కడున్నాడో అడక్కు."

"అడగనక్కా."

*

దారంతా ఆ సీసా ఒలికిపోకుండా ఇసిదోరాయే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక చెంచా తిని, బాగుందని మెచ్చుకుంది కూడా. వాల్యెవోలో పెట్రోలు కోసం ఆగినప్పుడు వుకాషిన్ ఫోన్ చేసి, "అత్తయ్యకి జ్వరం సార్. పక్కనే ఉంది," అన్నాడు. వంతెన దగ్గర నలుగురు పోలీసులు కారు ఆపారు. ఆవిడ చేతిలోంచి సీసాని ఎంతో మర్యాదగా అందుకున్నాడు వుకాషిన్.

మర్నాడు కల్నల్ ఆ పాకం అడుగునుంచి ప్లాస్టిక్‌లో చుట్టిన కాగితం తీసి, తుడిచి, చదివాడు. పదకొండు పేర్లు. మొదటి పేరు ఇసిదోరా.

"అరవై కిలోమీటర్లు తన చావు చీటీ తనే ఒళ్ళో పెట్టుకుని మోసిందన్నమాట," అన్నాడు. "ఓగ్న్యెన్ సంగతి?"

"ఈ పదకొండు మందీ లోపలికెళ్ళేదాకా చచ్చినవాడే సార్. నేనే దగ్గరుండి రాకియా పోసొచ్చాను."

కల్నల్ తలూపి, కాగితం సొరుగులో పెట్టాడు. వుకాషిన్ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, మూలుగుతూ లేచాడు.

"మోకాళ్ళు అలాగే ఉన్నాయా?"

"నిన్న మంచి మందు దొరికింది సార్," అన్నాడు వుకాషిన్. "ఓ బతికున్నవాడి ఆత్మశాంతికి ఖర్చయిపోయింది."