రెండు కోట్ల మేస్త్రి

వీధిలో ఆయన్ని అందరూ రెండు కోట్ల మేస్త్రి అనేవారు. డబ్బున్న మనిషి అనుకునేరు. గోడకి రెండు కోట్లు రంగు వేయనిదే నిచ్చెన దిగేవాడు కాదు, అదీ సంగతి. ఆయన రంగేసిన గోడ మీద ఈగ వాలితే కాలు జారి నడుం విరగ్గొట్టుకునేదట. అలాంటివాడు నిరుడు ఉన్నట్టుండి నిచ్చెన అమ్మేసి, "ఎక్కి ఎక్కి విసుగొచ్చింది" అన్నాడు. ఇంట్లోవాళ్లు నమ్మేశారు.

ఒక ఉదయం ఆయన కూతురు తల తుడుచుకుంటూ తన బల్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది. బల్ల మీద నలభై సైనికుల బొమ్మలు, ఒక్కోటీ బొటనవేలంత. బల్ల మీద ఆడే యుద్ధాల ఆటకు కావాలని ఆటల కొట్టాయన రంగులు వేయమన్నాడు. ఆమెకు వచ్చిన మొదటి పని. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. నిన్న ఎర్రటి అంగీలతో మెరిసిన వాటిలో పన్నెండు, బొగ్గుల గంపలోంచి లేచొచ్చినట్టున్నాయి.

"అమ్మా, వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

"నన్నడుగుతావేంటి? ఈ ఇంట్లో బ్రష్షు పట్టేది మీరిద్దరే. నా చేతిలో గరిటె ఉంది," అంది తల్లి వంటింట్లోంచి.

"నేనే, రెండో కోటు వేశాను," అన్నాడు మేస్త్రి పేపరు చాటునుంచి. "ఒక్క కోటుతో సరిపెట్టెయ్యడం దొంగతనం."

"నాన్నా, ఇది ఒక్క కోటే వేసే రంగు. పల్చగా ఉంటుంది. మడతల్లోకి దానంతటదే జారి చిక్కబడుతుంది, ఎత్తుల మీద లేతగా నిలుస్తుంది. వెలుగూ నీడా అదే పెట్టుకుంటుంది. మళ్లీ వేస్తే అంతా నీడే. నా పని నీకు పనిలా కనపడదా?"

ఆయన పేపరు దించలేదు. ఫ్యాను తిరగడం లేదు, అయినా పేపరు అల్లల్లాడుతోంది. కూతురు మెల్లగా దాన్ని లాగేసింది. ఆ వెనక రెండు చేతులూ వణుకుతున్నాయి.

"ఎప్పట్నుంచి?"

"నిరుటి నుంచి. కిటికీ అంచున గీత తిన్నగా రాలేదు. అందుకే నిచ్చెన దిగాను." ఆయన బొమ్మలవైపు చూశాడు. "పొద్దున్నే ఆ రంగేమిటో చూద్దామని ఒకదానికి వేశానే. చెయ్యి వణికినా అది దాని చోటికి అదే పోయింది. వంకర కనపడలేదు. నిజమేనా అని ఇంకోటి వేశా. తడి మీద మెరుస్తుంటే ఆపలేకపోయాను. ఆరాక నల్లబడతాయని తెలీదు."

తల్లి గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "నాక్కూడా చెప్పకూడదా?"

"నీకు చెబితే వీధి వీధికీ ఆ కబురు రెండు కోట్లు వేసొస్తావని."

ఆవిడకు నవ్వొచ్చింది. కళ్లూ నిండాయి.

కూతురు ఆయన పక్కనే కూర్చుంది. "గరుకు గోడ నల్లబడితే మీ మేస్త్రీలేం చేసేవాళ్లు?"

"లేత రంగు బ్రష్షుకంటించి, గుడ్డకేసి తుడిచి, ఇంక రంగే లేదనుకున్నాక గోడ మీద ఊరికే ఆడించేవాళ్లం. ఎత్తుల మీద మాత్రమే అంటుకుంటుంది."

ఆమె బ్రష్షు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆడించడానికి వణికే చెయ్యి కంటే ఏం కావాలి? మధ్యాహ్నానికి అంగీల మడతలన్నీ తేలాయి.

సాయంత్రం కొట్టాయన భూతద్దం పెట్టి మరీ చూశాడు. "ఈ పన్నెండూ ఎవరు చేశారు? మిగతావీ ఇలాగే కావాలి."

కూతురిది ఒక కోటు, ఆయన ఆడించేది అర కోటు. ఇప్పుడు వీధిలో ఆయన పేరు ఒకటిన్నర కోట్ల మేస్త్రి. ఆస్తి తరిగినందుకు ఆయనకేం దిగుల్లేదు. కూతురు బల్ల దగ్గర రెండో కుర్చీ వేసింది.